సిక్స్ ట్వంటీఫైవ్ మాత్ర: డబ్బంతా ఆ నూట ఇరవై ఐదుకే

తిరుపతిలో ఏ మెడికల్ షాపు ముందు కాసేపు నిలబడినా "అన్నా, సిక్స్ ట్వంటీఫైవ్ ఒక షీటు" అనే మాట వినిపిస్తుంది. రుయా ఆసుపత్రి దగ్గరి షాపుల్లోనూ అంతే, చిత్తూరు బజారులోనూ అంతే. మందు పేరు అడగరు, కంపెనీ అడగరు, అంకె అడుగుతారు. ఆ అంకెలో రెండు మందులున్నాయి: అమోక్సిసిలిన్ 500 మి.గ్రా., క్లావులానిక్ యాసిడ్ 125 మి.గ్రా. ఆగ్మెంటిన్, క్లావామ్, మోక్సికైండ్-సీవీ, అడ్వెంట్, మెగా-సీవీ... షీటు మీద ఏ పేరున్నా లోపలి సరుకు ఇదే. మేము సమీక్షిస్తున్నది ఆ సరుకునే. దాంతోపాటు పిల్లల డ్రై సిరప్, ఆసుపత్రిలో ఎక్కించే ఇంజెక్షన్ కూడా.

మా తీర్పు ముందే చెప్పేస్తాం. మందు గట్టిదే. కానీ కొనేవాళ్లలో చాలామంది జబ్బుకు ఒంటరి అమోక్సిసిలిన్ సరిపోతుంది, ఇంకొందరి జబ్బుకు ఈ రెండూ పనికిరావు. మాత్ర ఖరీదు, తేమకు పాడవడం, విరేచనాలు, కాలేయం మీద దెబ్బ, అన్నిటికీ మూలం ఆ చిన్న 125 మి.గ్రా. భాగమే. అది ఎప్పుడు అక్కరకొస్తుందో తెలిస్తే ఈ మాత్ర గురించి ముప్పావు వంతు తెలిసినట్టే.

బాక్టీరియా తన చుట్టూ కట్టుకునే గోడలో చివరి పని, పెప్టైడ్ గొలుసులను ఒకదానికొకటి ముడివేయడం. ఆ ముడివేసే ఎంజైములనే పెన్సిలిన్ బైండింగ్ ప్రొటీన్లు అంటారు. గొలుసు కొసన డి-అలనీన్ అనే అమైనో ఆమ్లాలు రెండు ఉంటాయి. అమోక్సిసిలిన్ ఆకారం అచ్చం ఆ కొసలా ఉంటుంది, దాంతో ఎంజైమ్ పొరబడి దాన్ని పట్టుకుంటుంది. మూడు కార్బన్లు, ఒక నైట్రోజన్‌తో బలవంతంగా వంచినట్టుండే నాలుగు మూలల బీటా-లాక్టమ్ వలయం అక్కడ తెరుచుకుని ఎంజైములోని సెరీన్ అనే అమైనో ఆమ్లానికి అతుక్కుపోతుంది. మేస్త్రీ చేతికి వదలని ఇటుక అంటుకున్నట్టు, ఇక ఆ ఎంజైమ్ గోడ కట్టలేదు. పెరుగుతున్న బాక్టీరియా బలహీనమైన గోడతో పగిలిపోతుంది. పెరగకుండా నిద్రాణంగా ఉన్నదాని మీద ఈ మందు ప్రభావం తక్కువ, కారణం ఇదే.

బాక్టీరియా ఊరకే ఉండదు కదా. బీటా-లాక్టమేజ్ అనే ఎంజైమ్‌తో అదే వలయాన్ని నీటి సాయంతో తెరిచి, మందును చెత్తగా మార్చి వదిలేస్తుంది. దీన్ని ఏబ్రహామ్, చెయిన్ 1940లోనే చూశారు, పెన్సిలిన్ ఇంకా బజారుకే రాకముందు. దానికి విరుగుడుగా దొరికింది క్లావులానిక్ యాసిడ్. స్ట్రెప్టోమైసిస్ క్లావులిజెరస్ అనే నేల బాక్టీరియా తయారుచేసే ఈ పదార్థాన్ని బ్రిటన్‌లో బీచమ్ కంపెనీ 1970ల్లో వెలికితీసి, అమోక్సిసిలిన్‌తో కలిపి 1981లో ఆగ్మెంటిన్‌గా అమ్మకానికి పెట్టింది. సొంతంగా బాక్టీరియాను చంపే బలం దీనికి దాదాపు లేదు. దీనిలోనూ బీటా-లాక్టమ్ వలయం ఉంది కాబట్టి లాక్టమేజ్ దీని మీద పడుతుంది, తెరుస్తుంది, కానీ తెరిచాక వదిలించుకోలేదు. ఎంజైమ్, క్లావులానేట్ (క్లావులానిక్ యాసిడ్‌నే ఇలా కూడా అంటారు) రెండూ కలిసే చెడిపోతాయి. ఈలోగా అమోక్సిసిలిన్ తన పని తాను చేసుకుపోతుంది.

ఇక్కడే ఒక లెక్క తేలుతుంది. శత్రువు దగ్గర లాక్టమేజ్ ఉంటేనే 125కి పని. గొంతునొప్పికి కారణమయ్యే స్ట్రెప్టోకాకస్ పయోజెనిస్ దగ్గర ఆ ఎంజైమ్ లేదు, కాబట్టి స్ట్రెప్ గొంతుకు ఒంటరి అమోక్సిసిలినో, పెన్సిలినో చాలు. న్యుమోనియా తెచ్చే న్యుమోకాకస్ మొండికేసేది లాక్టమేజ్‌తో కాదు, తన గోడ కట్టే ఎంజైముల ఆకారాన్నే మార్చుకుని. దానికి అమోక్సిసిలిన్ మోతాదు పెంచితే ఫలితం ఉంటుంది గానీ క్లావులానేట్ ఎంత పోసినా లాభం లేదు. ఎంఆర్‌ఎస్ఏ (మెథిసిలిన్‌కు లొంగని స్టాఫ్ ఆరియస్ బాక్టీరియా) కూడా అదే దారి, పీబీపీ2ఏ అనే కొత్త ప్రొటీన్ పెట్టుకుని ఈ మాత్రను లెక్కచేయదు. పైగా గొంతునొప్పుల్లో ఎక్కువ భాగం వైరస్‌వే. వాటికి 500 కూడా దండగే.

మరి డబ్బుకు తగ్గ పని ఎక్కడ? చెవిలో, సైనస్‌లో చీము పట్టించే హీమోఫిలస్, మొరాక్సెల్లా. మొరాక్సెల్లాలో దాదాపు అన్ని రకాలూ లాక్టమేజ్ చేస్తాయి. మామూలు స్టాఫ్ ఆరియస్‌లో ఎక్కువ భాగం. క్లెబ్సియెల్లాకు ఎస్‌హెచ్‌వీ అనే లాక్టమేజ్ పుట్టుకతోనే వస్తుంది. పేగుల్లోని బాక్టీరాయిడ్స్ లాంటి గాలి అక్కర్లేని బాక్టీరియా. అన్నిటికన్నా ముందు చెప్పాల్సింది కుక్క, పిల్లి, కోతి కాట్లు. కాటు గాయంలో పాశ్చురెల్లా, స్టాఫ్, గాలి అక్కర్లేని క్రిములు కలిసి దిగుతాయి. వీటన్నిటినీ ఒక్క మాత్రతో పట్టేది ఇదే. తిరుమల దారుల్లో కోతి మన చేతిలోని సంచి లాక్కోబోయి కరిస్తే, ముందు గాయాన్ని పారే నీటితో, సబ్బుతో 15 నిమిషాలు కడగాలి, తర్వాత రేబిస్ టీకా, ఆ తర్వాతే ఈ మాత్ర. చేతి మీద లోతుగా దిగిన కాటుకైతే చీము పట్టకముందే 3 నుంచి 5 రోజులు ఇస్తారు. టీకా బదులు మాత్ర వేసుకుని ఊరుకోవడం మాత్రం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

ఈ జిల్లాల్లో ఇంకో సంగతి గట్టిగా చెప్పాలి. వానలు మొదలయ్యాక చలికాలం దాకా ఇక్కడ స్క్రబ్ టైఫస్ జ్వరాలు వస్తుంటాయి. పొలాల గట్ల మీద, పొదల్లో ఉండే మైట్ అనే చిన్న పురుగుల పిల్లలు కుట్టడం వల్ల వచ్చేది. దానికి కారణమైన ఒరియెన్షియా అనే బాక్టీరియా మన కణాల లోపల దాక్కుని బతుకుతుంది. దాని మీద బీటా-లాక్టమ్ మందులేవీ పనిచేయవు, 625 అయినా, ఖరీదైన మెరోపెనెమ్ అయినా అంతే. ఐదు రోజులు దాటిన జ్వరం, తలనొప్పి, ఒళ్లునొప్పులతో పాటు చంకలో, గజ్జల్లో, నడుము దగ్గర సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పెచ్చు కనిపిస్తే డాక్టర్‌కు అది చూపించండి. దానికి మందు డాక్సిసైక్లిన్ 100 మి.గ్రా. రోజుకు రెండుసార్లు, గర్భిణులకు అజిత్రోమైసిన్. జ్వరం తగ్గలేదని 625 షీటు మీద షీటు మింగుతూ వారం పోగొట్టుకుంటే, ఆ వారంలో ఊపిరితిత్తులు, కిడ్నీలు దెబ్బతినొచ్చు. అసలు గోడే లేని మైకోప్లాస్మా బాక్టీరియా తెచ్చే న్యుమోనియాకూ ఈ మాత్ర దండగే. డెంగీ సంగతి చెప్పక్కర్లేదు.

ఇక వాడే తీరు. తిన్నాక అరగంటకు వేసుకోవాలని చాలామంది అనుకుంటారు. ఈ మాత్రకు ఆ అలవాటు నప్పదు. అమోక్సిసిలిన్‌కు తిండితో పెద్ద తేడా రాదు గానీ, క్లావులానేట్ పరగడుపున కన్నా తిండితో కలిపి వేసుకుంటేనే బాగా ఒంటికి పడుతుంది. కొవ్వు ఎక్కువున్న టిఫిన్ మొదలుపెట్టిన 30 నిమిషాలకు, 150 నిమిషాలకు వేసుకుంటే క్లావులానేట్ శోషణ తగ్గినట్టు పరీక్షల్లో తేలింది. నెయ్యి దోసె తిని, కాఫీ తాగి, పేపరు చదివి అప్పుడు మాత్ర వేసుకోవడమంటే డబ్బు పెట్టి కొన్న 125లో కొంత పారేసుకోవడం. ఇడ్లీ మొదటి తుంటతోనో, సంగటి మొదటి ముద్దతోనో మాత్ర మింగేయండి. కడుపులో వికారం కూడా తగ్గుతుంది. పాలు, పెరుగు, మజ్జిగకు అభ్యంతరం లేదు. ఆ పథ్యం డాక్సిసైక్లిన్, సిప్రోఫ్లాక్సాసిన్‌లకు, దీనికి కాదు.

వేళ తప్పడం రెండో తప్పు. బీటా-లాక్టమ్‌లకు ఒక్కసారి ఎంత ఎక్కువ మోతాదు వేశామన్నది కాదు లెక్క, బాక్టీరియాను ఆపే మట్టానికి పైన మందు రక్తంలో ఎంతసేపు ఉందన్నదే లెక్క. అమోక్సిసిలిన్ అర్ధాయువు సుమారు గంట, క్లావులానేట్‌దీ అంతే. మోతాదుకు మోతాదుకు మధ్య కాలంలో దాదాపు 40 శాతం సేపైనా ఆ మట్టం నిలవాలి. అందుకే పొద్దున 8కి, రాత్రి 8కి అంటే ఆ వేళకే. పొద్దున 10కి ఒకటి, మధ్యాహ్నం 3కి ఒకటి వేసుకుని "రెండూ అయిపోయాయి" అంటే రాత్రంతా బాక్టీరియాకు సెలవు ఇచ్చినట్టే. జబ్బు తీవ్రంగా ఉంటే డాక్టర్లు ఇదే మాత్రను 8 గంటలకొకసారి రాస్తారు, లేదా 875+125 ఉన్న వెయ్యి మి.గ్రా. మాత్రను రోజుకు రెండుసార్లు. మూడుసార్లు రాసింది రెండుసార్లకు తగ్గించుకోవద్దు. ఒక వేళ మరిచిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకోవాలి, తర్వాతి వేళ దగ్గరపడితే వదిలేయాలి. రెండు కలిపి వేసుకుంటే విరేచనాలే మిగులుతాయి.

షాపులో "625 అయిపోయింది, 375వి రెండు వేసుకోండి" అంటే ఒప్పుకోకండి. 375 అంటే 250+125. రెండు కలిపితే అమోక్సిసిలిన్ 500కి సరిపోయినా క్లావులానేట్ 250 అవుతుంది, రెట్టింపు. 500+125 అన్న నిష్పత్తి చెడిపోయి కడుపు పాడవుతుంది. అలాగే వెయ్యి మాత్రను సగానికి విరిచి 625 బదులు వాడితే 437.5+62.5 అవుతుంది, రెండూ తక్కువే. మింగడానికి పెద్దదిగా ఉంటే 625ను రెండు ముక్కలు చేసి, రెండింటినీ వెంటవెంటనే మింగేయండి. మిగిలిన సగాన్ని రాత్రికి దాచుకోవద్దు.

ఎందుకంటే ఈ మాత్రకు తేమే శత్రువు. పొటాషియం క్లావులానేట్ గాలిలోని తేమను పీల్చుకుని విరిగిపోతుంది. ఫ్యాక్టరీలో దీన్ని తేమ బాగా తగ్గించిన గదుల్లో తయారుచేస్తారు, రెండు వైపులా అల్యూమినియం రేకు ఉన్న షీటులో పెడతారు. వారానికి సరిపడా గోళీలన్నీ ప్లాస్టిక్ డబ్బీ గళ్లలో సర్దిపెట్టే అలవాటు ఇంట్లో పెద్దవాళ్లకు ఉంటుంది. బీపీ మాత్రలకు సరే, దీనికి వద్దు. వేసుకునే నిమిషంలోనే రేకు చింపాలి. రేకుకు సూదిమొనంత చిల్లు ఉన్నా, గడి నొక్కుకుపోయినా ఆ మాత్ర పక్కనపెట్టండి. తీసిన మాత్ర మీద పసుపు, గోధుమ రంగు మచ్చలు, ఉబ్బు, పూత పగుళ్లు కనిపిస్తే క్లావులానేట్ చెడిందనే అర్థం. లేబుల్ మీద 25 డిగ్రీలకు లోపు అని ఉంటుంది. మన ఎండాకాలంలో 40 దాటే ఊళ్లలో రేకుల షెడ్డు షాపులో ఏసీ లేకుండా, ఎండ పడే అద్దాల బీరువాలో పెట్టిన సరుకు కొనకపోవడమే మేలు. బండి డిక్కీలో, స్కూటర్ సీటు కింద షీటు పెట్టి మరిచిపోవడం కూడా అదే కోవ.

పిల్లల డ్రై సిరప్ దగ్గర తప్పులు ఇంకా ఎక్కువ. అందుకే కాస్త నిదానంగా చెబుతాం. బజారులో ముఖ్యంగా రెండు రకాలున్నాయి. 228.5 అంటే 5 మి.లీ.లో అమోక్సిసిలిన్ 200, క్లావులానేట్ 28.5. 457 అంటే అదే 5 మి.లీ.లో 400, 57. డబ్బాలు చూడటానికి ఒకేలా ఉంటాయి, రంగులో ఒక చార తేడా. డాక్టర్ లెక్కవేసేది అమోక్సిసిలిన్ భాగాన్ని పట్టే. ఉదాహరణకు 12 కిలోల బిడ్డకు కిలోకు రోజుకు 45 మి.గ్రా. చొప్పున రాశారనుకుందాం. రోజుకు 540, అంటే పూటకు 270. 457 సిరప్ అయితే 3.4 మి.లీ., 228.5 అయితే 6.75 మి.లీ. చీటీలో 3.4 మి.లీ. అని ఉండి షాపులో 228.5 ఇస్తే బిడ్డకు సగం మందే అందుతుంది, తిరగబడితే రెట్టింపు. అందుకే షాపువాళ్లు డబ్బా మారిస్తే మి.లీ. లెక్క కూడా మారాల్సిందే. డాక్టర్‌కు ఫోన్ చేసి అడిగాకే తీసుకోండి. సీసా కూడా లెక్కేసుకోండి. 457 సిరప్ పూటకు 3.4, అంటే రోజుకు 6.8 మి.లీ. చొప్పున 30 మి.లీ. సీసా ఐదో రోజు మధ్యలో ఖాళీ అవుతుంది. ఐదు రోజుల కోర్సుకే రెండో సీసా తెరవాలి.

కలిపే పద్ధతి. పొడి సీసాను మూత తీయకముందే తలకిందులు చేసి గట్టిగా తట్టండి, అడుగున గడ్డకట్టిన పొడి విడిపోవాలి. డబ్బాలో నీళ్ల ఆంపూల్ ఇచ్చి ఉంటే అదే వాడాలి, లేదంటే కాచి పూర్తిగా చల్లార్చిన నీళ్లు. వేడి నీళ్లు పోస్తే క్లావులానేట్ అక్కడికక్కడే చెడుతుంది. గీత దాకా ఒకేసారి నింపకూడదు. మూడింట రెండు వంతుల నీళ్లు పోసి బాగా కుదిపి, ఐదు నిమిషాలు పక్కన పెట్టండి. నురుగు దిగుతుంది, మట్టం గీత కిందికి పోతుంది. అప్పుడు మళ్లీ కంటి ఎత్తులో పట్టుకుని గీత దాకా నింపి ఇంకోసారి కుదపండి. మొదటే గీత దాకా పోస్తే నురుగును నీళ్లనుకుని తక్కువ పోస్తారు, మందు చిక్కబడి ప్రతి చెంచాలో మోతాదు పెరుగుతుంది. గీత దాటించి పోస్తే పలుచబడుతుంది. ఎక్కువైనవి ఒంపేసి సరిచేయలేం.

కలిపాక సీసా ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య, తలుపు గూట్లో కాకుండా లోపలి అరలో, ఫ్రీజర్‌లో అసలు కాదు. 7 రోజులు దాటితే పారబోయాలి, సీసా మీద కలిపిన తేదీ రాసిపెట్టండి. మందు అడుగుకు దిగుతుంది కాబట్టి ప్రతిసారీ కుదపాలి. కుదపకుండా పోస్తే మొదటి రోజులు నీళ్లు, చివరి రోజులు చిక్కటి మందు తాగించినట్టవుతుంది. ఇంట్లో చెంచాలు 3 నుంచి 7 మి.లీ. దాకా ఎంతైనా పట్టొచ్చు, సూది లేని 5 మి.లీ. సిరంజే నమ్మకం. బుగ్గ లోపలి వైపు నెమ్మదిగా వదిలితే బిడ్డ ఉమ్మదు. లేత పసుపు రంగు మామూలే, ముదురు గోధుమ రంగుకు తిరిగితే వద్దు. బిడ్డతో కొండకు బయల్దేరే వాళ్లు సీసాను ఐసు సంచిలో పెట్టుకోవాలి. క్యూలో, బస్సులో గంటల తరబడి మామూలు సంచిలో ఉంటే ఆ మందును నమ్మలేం. అలాంటి ప్రయాణముంటే ముందే డాక్టర్‌తో చెప్పి, నీళ్లలో కరిగే మాత్ర రాయించుకోవడం సుళువు. అదీ రేకు షీటులోనే వస్తుంది.

చెడు ఫలితాల్లో మొదటిది విరేచనాలు, అదీ ముఖ్యంగా క్లావులానేట్ చలవే. ఒకటి రెండు వదులుగా అయితే ఓఆర్‌ఎస్ తాగుతూ మాత్ర కొనసాగించొచ్చు. రక్తం పడినా, జ్వరం, కడుపు నొప్పితో నీళ్ల విరేచనాలు అవుతున్నా ఆపి డాక్టర్‌ను కలవాలి, క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్ అనే క్రిమి తలెత్తి ఉండొచ్చు. ఇలాంటప్పుడు విరేచనం కట్టే మాత్రలు సొంతంగా వేసుకోవద్దు. లాక్టోబాసిల్లస్ కలిపిన ఎల్‌బీ రకాలకు అదనంగా డబ్బు పెట్టొద్దనేది మా అభిప్రాయం. ఒకే మాత్రలో బాక్టీరియాను చంపే మందును, బాక్టీరియాను కలిపి మింగడంలో అర్థం మాకు కనబడదు.

రెండోది అరుదైనదే, అయినా తెలిసుండాలి. క్లావులానేట్ వల్ల పైత్యరసం నిలిచిపోయి కామెర్లు రావొచ్చు. వయసు మళ్లిన మగవాళ్లలో, రెండు వారాలకు మించి వాడినప్పుడు ఎక్కువ. మోసమేమిటంటే మాత్రలు ఆపేసిన కొన్ని వారాలకు కూడా ఇది బయటపడొచ్చు. అప్పటికి మందు సంగతి మరిచిపోయి, కళ్లు పచ్చబడ్డాయని ఆకుపసరు పట్టించుకునే వాళ్లుంటారు. ఒళ్లంతా దురద, ముదురు రంగు మూత్రం, పసుపు కళ్లు కనిపిస్తే గత రెండు నెలల్లో వాడిన యాంటీబయాటిక్ పేరు డాక్టర్‌కు చెప్పండి. ఇదివరకు ఒకసారి దీనివల్ల కామెర్లు వచ్చినవాళ్లు మళ్లీ ముట్టకూడదు.

కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు వెయ్యి మి.గ్రా. మాత్ర క్రియాటినిన్ క్లియరెన్స్ (కిడ్నీల వడపోత కొలత) నిమిషానికి 30 మి.లీ.కి లోపు ఉంటే వద్దు. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవాళ్లకు ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టే సమయం కొలత) పెరగొచ్చు, కోర్సు మొదలైన కొన్ని రోజులకే ఒకసారి చూపించుకోవాలి. మెథోట్రెక్సేట్ కిడ్నీల గుండా బయటికి పోవడాన్ని అమోక్సిసిలిన్ అడ్డుకుంటుంది, కీళ్లవాతానికి ఆ మందు వాడేవాళ్లు తప్పక చెప్పాలి. పెన్సిలిన్ పడదని చెప్పేవాళ్లను షాపువాళ్లు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఏమైంది, ఎంతసేపట్లో? మాత్ర పడ్డ గంటలోపే దద్దుర్లు, పెదవుల వాపు, ఆయాసం వచ్చి ఉంటే ఈ మందు జన్మలో వద్దు. సెఫాడ్రాక్సిల్ అనే యాంటీబయాటిక్ కూడా వద్దు, దాని పక్క గొలుసు అమోక్సిసిలిన్‌దే.

ధర విషయానికొస్తే, ఇది అత్యవసర మందుల జాతీయ జాబితాలో ఉంది. ప్రభుత్వం గరిష్ఠ ధర కట్టడి చేస్తుంది కాబట్టి పెద్ద బ్రాండ్ల మధ్య తేడా కొద్దిగానే. ఒంటరి అమోక్సిసిలిన్ 500 అయితే అందులో సగానికి లోపే వస్తుంది. జనఔషధి కేంద్రాల్లో బ్రాండ్ల కన్నా 50 నుంచి 80 శాతం తక్కువని ఆ పథకం చెబుతుంది. అక్కడ దొరికితే తీసుకోవడానికి మాకు అభ్యంతరం లేదు, రేకు షీటు, తేదీ చూసుకుంటే చాలు. 300 పెద్ద బ్రాండ్ల డబ్బాల మీద 2023 ఆగస్టు 1 తర్వాత తయారైన సరుకుకు క్యూఆర్ కోడ్ తప్పనిసరి. ఫోన్‌తో చూస్తే బ్యాచ్ నంబరు, గడువు తేదీ వస్తాయి, షీటు మీదివాటితో సరిపోవాలి. షీటు మీద ఎర్ర గీత ఉందంటే చీటీ లేకుండా అమ్మకూడదనే. ఇది షెడ్యూల్ హెచ్ మందు. "625 పడలేదా, అయితే సెఫిక్సిమ్ తీసుకోండి" అనే సలహా కౌంటర్ మీద తరచూ దొరుకుతుంది. సెఫిక్సిమ్ 2014 నుంచి ఇంకా కట్టుదిట్టమైన షెడ్యూల్ హెచ్1లో ఉంది, చీటీ వివరాలు విడిగా రిజిస్టర్‌లో రాసి మూడేళ్లు దాచాలి. అడిగిన వెంటనే తీసిచ్చే షాపు ఆ రిజిస్టర్ రాస్తోందా అన్నది ఎవరికి వారు ఊహించుకోవచ్చు.

ఇంజెక్షన్ రూపం 1.2 గ్రాముల వయల్: 1 గ్రాము, 200 మి.గ్రా. నర్సింగ్ హోముల్లో పనిచేసే సిస్టర్లకు మూడు మాటలు. 20 మి.లీ. ఇంజెక్షన్ నీళ్లతో కలపాలి, కలిపేటప్పుడు క్షణంపాటు గులాబీ రంగు రావడం మామూలే. కలిపిన 20 నిమిషాల్లోపు 3, 4 నిమిషాలు తీసుకుని నరంలోకి నెమ్మదిగా ఇవ్వాలి. గ్లూకోజ్ సీసాలో కలపొద్దు, అందులో మందు తొందరగా చెడుతుంది. నార్మల్ సెలైన్ వాడాలి. జెంటామైసిన్, అమికాసిన్ ఒకే సిరంజిలో, ఒకే సీసాలో కలిపితే వాటి బలం పోతుంది. కండలోకి ఇవ్వకూడదు.

లాక్టమేజ్‌ను ఆపే ఈ మందుల కుటుంబంలో మిగతావాళ్ల సంగతి క్లుప్తంగా. సల్‌బాక్టమ్ అసినెటోబాక్టర్ అనే బాక్టీరియాను సొంతంగానే కొడుతుంది, అదే దాని ప్రత్యేకత. పిపరాసిలిన్-టాజోబాక్టమ్ (పిప్‌టాజ్) 4.5 గ్రాములు పెద్దాసుపత్రుల వార్డుల్లో నిత్యం కనిపిస్తుంది. అరగంటలో ఎక్కించేయడం కన్నా 4 గంటలపాటు ఎక్కిస్తే మందు మట్టం ఎక్కువసేపు నిలుస్తుంది. కానీ ఈఎస్‌బీఎల్ (ఇంకా చాలా రకాల బీటా-లాక్టమ్ మందులను తెంచే లాక్టమేజ్) ఉండి, రక్తంలోకి చేరిన ఈ.కోలై, క్లెబ్సియెల్లాల మీద దాన్ని నమ్ముకోవద్దని 2018లో వచ్చిన మెరినో పరీక్ష చూపించింది: 30 రోజుల్లో మరణాలు పిప్‌టాజ్‌తో 12.3 శాతం, మెరోపెనెమ్‌తో 3.7. అవిబాక్టమ్ లాక్టమేజ్‌లలో ఏ, సీ తరగతులవాటిని, ఓఎక్స్‌ఏ-48 అనే రకాన్ని ఆపుతుంది. జింక్‌తో పనిచేసే ఎన్‌డీఎం అనే లాక్టమేజ్‌ను ఆపలేదు, దానికి అజ్ట్రియోనామ్ అనే మందు జత కావాలి. కొత్తగా వచ్చిన ఎన్‌మెటాజోబాక్టమ్ పుట్టింది మన పక్కనే, చెన్నైలో ఆర్కిడ్ ఫార్మా దగ్గర. 2024 ఫిబ్రవరిలో సెఫెపిమ్ అనే యాంటీబయాటిక్‌తో కలిపి అమెరికా అనుమతి పొందింది.

మూత్రం మంటకు, జ్వరానికి ఈ మాత్ర రాసినప్పుడు మూత్రం కల్చర్ (అందులోని బాక్టీరియాను పెంచి చూసే పరీక్ష) కూడా రాస్తే, రిపోర్టులో రెండు చోట్ల చూడండి. అమోక్సిక్లావ్ (ఈ మాత్రే) ఎదుట ఎస్ (లొంగుతుంది) ఉందా, ఆర్ (లొంగదు) ఉందా అన్నది ఒకటి. ఈఎస్‌బీఎల్ పాజిటివ్ అన్న మాట రెండోది. ల్యాబ్‌లో దాన్ని తేల్చేది కూడా మన క్లావులానేటే. సెఫ్టాజిడిమ్ అనే యాంటీబయాటిక్ బిళ్ల చుట్టూ బాక్టీరియా పెరగని వలయం కన్నా, క్లావులానేట్ కలిపిన బిళ్ల చుట్టూ వలయం 5 మి.మీ. లేదా అంతకు మించి పెరిగితే ఈఎస్‌బీఎల్ ఉన్నట్టు. అలాంటి రిపోర్టు వచ్చాక పాత షీటు కొనసాగించాలా వద్దా అన్నది డాక్టరే తేల్చాలి, ఒకసారి తగ్గిందని మెడికల్ షాపులో అదే మళ్లీ కొనడం కాదు. శాంపిల్ మాత్రం మొదటి మాత్ర మింగకముందే ఇవ్వాలి. మొదట కొంచెం వదిలేసి మధ్య ధారను ల్యాబ్ ఇచ్చిన డబ్బీలో పట్టి, 2 గంటల్లోపు చేర్చండి. ఆలస్యమయ్యేట్టుంటే ఫ్రిజ్‌లో పెట్టి 24 గంటల్లోపు ఇవ్వొచ్చు.